ఎన్నూరు బురదకు అద్దె గ్రాబ్, అద్దె కోరర్: దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు

తీసుకోవాలా వద్దా అన్నంతవరకే తెలిస్తే చాలనుకునేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాం. ఉత్తర చెన్నైలో ఒక దుకాణం సముద్రపు అడుగు మట్టి తీసే సామాను రోజు అద్దెకు ఇస్తోంది. 0.1 చదరపు మీటరు మేర అడుగు మట్టిని కొరికి తెచ్చే వాన్ వీన్ గ్రాబ్ ఒకటి, బరువుతో దిగబడి మట్టిని పొరలుగా గొట్టంలో పట్టి తెచ్చే గ్రావిటీ కోరర్ ఒకటి, జల్లెడలు, ఐసు పెట్టె, చేతి జీపీఎస్. అడిగితే మట్టిని ఏదో ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు కూడా ఇప్పిస్తారు. గ్రాబ్ తీసుకోండి, మూడు చిన్న మార్పులు చేసుకుని. కోరర్ కూడా తీసుకోవచ్చు, లోపలి గొట్టాలు మాత్రం మీవే పెట్టుకోండి. ల్యాబు ప్యాకేజీ వద్దు. ఎందుకన్నది కింద వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే కాలుష్యం తేల్చే పనిలో తప్పు ఎక్కడ జరిగిందో రిపోర్టు చూసి ఎవరూ పట్టుకోలేరు.

ఈ సామానును ఎన్నూరు ఉప్పుటేరులోనూ, దాని మొగ బయటా వాడాం. మట్టి తీసే పరికరానికి ఇంతకన్నా కఠినమైన చోటు చెన్నై చుట్టుపక్కల లేదు. మన నగరి ఏటి నీళ్ళను కూడా కలుపుకుని వచ్చే కొసస్తలైయారు ఇక్కడే సముద్రంలో పడుతుంది. మణలి పరిశ్రమల వైపు నుంచి బకింగ్‌హామ్ కాలువ వచ్చి కలుస్తుంది. 1970లో మొదలై 2017లో మూతపడ్డ ఎన్నూరు థర్మల్ కేంద్రం, 1994 నుంచి నడుస్తున్న ఉత్తర చెన్నై కేంద్రం ఈ ఏటి పక్కనే. బూడిద పైపులు కారిన చోటల్లా అడుగున మేటలు పడ్డాయి. 2017 జనవరి 28న కామరాజర్ పోర్టు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదల్లో మళ్ళీ నూనె వచ్చింది, ఈసారి కాలువ దారిన. అందుకే ఇక్కడ కొద్ది దూరంలోనే గంజిలా జారే నల్ల బురద, బిగిసిపోయిన బూడిద, ఆలిచిప్పల గుట్ట, శుభ్రమైన ఇసుక నాలుగూ తగులుతాయి. ఒకే పరికరం నాలుగింటికీ సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మా కొలబద్ద ఒక్కటే. నీటి అడుగున పై 2 సెంటీమీటర్ల మట్టి ఎలా పరుచుకుని ఉందో, పడవ మీదికి అలాగే వచ్చిందా లేదా? తాజా కాలుష్యం ఉండేది ఆ 2 సెంటీమీటర్లలోనే. పురుగులు, పీతలు, రొయ్యలు తినేది అక్కడే. దాని మీద దూదిలా తేలే మెత్తటి పొర ఒకటి ఉంటుంది, వేలు పెడితే పొగలా లేచిపోతుంది. లోహాలూ నూనె జిడ్డూ ఎక్కువగా అంటుకునేది ఆ సన్నటి కణాలకే. అది కొట్టుకుపోతే మిగిలిన మట్టి ఎంత మంచి ల్యాబుకు వెళ్ళినా, వచ్చే అంకె అసలుకన్నా తక్కువే చూపిస్తుంది. ఏరు బాగుందని రాసుకుని ఇంటికొస్తాం.

గ్రాబ్ సంగతికి వద్దాం. డచ్ ఇంజనీరు యోహాన్ వాన్ వీన్ 1933లో చేసిన పరికరం ఇది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. రెండు చిప్పలు, వాటికి రెండు పొడవాటి చేతులు, చేతుల చివర గొలుసులు, మధ్యలో ఒక కొక్కెం. తాడు బిగువుగా ఉన్నంతసేపు కొక్కెం చిప్పలను తెరిచి పట్టుకుంటుంది. అడుగు తగలగానే తాడు వదులవుతుంది, కొక్కెం జారుతుంది. పైకి లాగేటప్పుడు చేతులు దగ్గరకొచ్చి చిప్పలు మట్టిని కొరుకుతూ మూసుకుంటాయి. ఈ దుకాణంవారి గ్రాబ్ ఇక్కడే వర్క్‌షాపులో చేయించింది, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. వెల్డింగు నున్నగా రుద్ది ఉంది. లోపలి మూలల్లో పాత మట్టి దాక్కోవడానికి గీతలూ గుంటలూ లేవు. దిగుమతి గ్రాబుల్లో కూడా అన్నిసార్లూ ఇంత శుభ్రమైన పని కనపడదు. చిప్పల అంచులు సరిగ్గా కలుస్తాయి. అద్దెకు తీసుకునేముందు మీరూ చూసుకోవచ్చు. మూసి తలకిందులుగా కాకుండా నిలబెట్టి లోపల రెండు చెంబుల నీళ్ళు పోయండి. బొట్లుబొట్లుగా కారితే ఫరవాలేదు, ధార కట్టిందంటే అది బురదకు పనికిరాదు. పైకి వచ్చేలోపు ఆ సందులోంచే సన్నటి మట్టి జారిపోతుంది.

ఇక మార్పులు. అదనపు బరువు కోసం చిప్పల మీద సీసం దిమ్మలు బోల్టు చేసి ఇస్తున్నారు. సీసం ఎంతుందో కొలవడానికి వెళ్ళేవాళ్ళకు సీసం దిమ్మ కట్టి ఇవ్వడం ఎంత పొరపాటో వేరే చెప్పక్కర్లేదు. దాని మీద రంగు వేసి ఉంది కానీ అంచుల్లో పెచ్చులూడింది. విప్పేయమని అడగండి, విప్పి ఇస్తారు. నిజానికి ఎన్నూరు బురదకు ఆ బరువే అక్కర్లేదు. ఉట్టి గ్రాబే మెత్తటి బురదలో మరీ లోతుకు దిగి పై మూతల్లోంచి మట్టి ఉబికి వచ్చేస్తుంది. ఇసుకలోనూ బూడిద మేట మీదా మాత్రం బరువు కావాలి. దానికి స్టీలు దిమ్మలు చేయించుకోవడం మేలు.

రెండోది, తాడు కట్టే షాకిల్. జింకు పూత వేసిన మామూలు ఇనుప షాకిల్ ఇచ్చారు. తడి తాడు మీదుగా జింకు గీరుకుని నేరుగా చిప్పల మీదికి కారుతుంది. స్టెయిన్‌లెస్ షాకిల్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, ఒకటి జేబులో వేసుకెళ్ళండి. తాడు పాలియెస్టరు 12 మిల్లీమీటర్లది తీసుకోండి. నైలాను సాగుతుంది, కొక్కెం ఎప్పుడు జారిందో చేతికి తెలియదు. పాలీప్రొపిలీను నీళ్ళలో తేలి వంకర తిరుగుతుంది.

మూడోది అసలైనది: పై మూతల రబ్బరు. గ్రాబ్ దిగేటప్పుడు నీళ్ళు చిప్పల్లోంచి పైకి దూసుకుపోవాలి, అందుకే పైన మూతలు పెడతారు. దిగేటప్పుడు తెరుచుకుంటాయి, ఎక్కేటప్పుడు మూసుకుంటాయి. ఈ గ్రాబ్‌కి వేసిన రబ్బరు ఎండకు గట్టిపడి సగమే లేస్తోంది. అప్పుడు గ్రాబ్ తన ముందు నీటిని తోసుకుంటూ దిగుతుంది. ఆ నీటి తోపుడుకే అడుగున దూదిపొర చెదిరిపోతుంది, గ్రాబ్ ఇంకా తగలకముందే. 3 మిల్లీమీటర్ల మెత్తటి నియోప్రీను షీటు కోయించి వేస్తే సరిపోతుంది. అరగంట పని. దుకాణంవాళ్ళకు చెప్పాం, ఒప్పుకున్నారు. మీరు వెళ్ళేసరికి మార్చారో లేదో రబ్బరును వేలితో వంచి చూడండి. సులువుగా మడత పడాలి.

ఇన్ని చేసినా దించే చేతిలోనే సగం ఉంది. పైనుంచి ఒక్కసారిగా వదిలేయకూడదు. చివరి 2 మీటర్లు నెమ్మదిగా, సెకనుకు అడుగు చొప్పున దించాలి. అడుగు తగిలాక తొందరపడి లాగితే చిప్పలు పూర్తిగా మూసుకోకముందే గ్రాబ్ లేచిపోతుంది. మొదటి అర మీటరు మెల్లగా ఎత్తి, చిప్పలు కలిసిన బరువు తాడులో తెలిశాక లాగాలి. మొగ దగ్గర పోటు తిరిగే ముందు నీరు కాసేపు నిలుస్తుంది, ఆ వేళ చూసుకోవాలి. నీరు లాగుతున్నప్పుడు గ్రాబ్ పక్కకు ఒరిగి ఒక చిప్ప నిండి రెండోది ఖాళీగా వస్తుంది. పడవ నడిపే అన్నకు ముందే చెప్పి పెట్టుకోవాలి, "అన్నా, గ్రాబ్ పైకొచ్చేటప్పుడు ఇంజను ఆపేయండి" అని. ఇంజను పొగ మసిలోనివి, నూనెలో ఉండే విషపు హైడ్రోకార్బన్లు, అంటే పీఏహెచ్‌లు రెండూ ఒకే కుటుంబం. కలిశాక ల్యాబులో వాటిని విడదీసి చెప్పడం కష్టం. కప్పీకి పూసిన గ్రీజు గురించీ ఇదే మాట.

చేతివేళ్ళు జాగ్రత్త. ఈ గ్రాబ్‌కి కొక్కెం పిన్ను ఇచ్చారు, మంచి పని. పడవ ఊగితే తాడు ఒక్క క్షణం వదులైనా కొక్కెం జారి చిప్పలు పడిపోతాయి. గ్రాబ్ పడవ అంచు దాటి నీళ్ళ మీదికి వెళ్ళాకే పిన్ను తీయాలి.

గ్రాబ్ పైకొచ్చాక వెంటనే మట్టి తోడేయకండి. మూత ఎత్తి ముందు చూడాలి. ఇక్కడే మంచి నమూనా, చెడ్డ నమూనా తేలిపోయేది. మట్టి మీద కొద్దిగా నీళ్ళు నిలిచి ఉండాలి, అవి కాస్త తేటగా ఉండాలి. అంటే పైపొర కదలలేదని. మట్టి పైభాగం చదునుగా ఉండాలి, మూతను తాకకూడదు. బురదలో కనీసం 10 సెంటీమీటర్ల లోతు, సన్నటి ఇసుకలో 6, 7, ముతక ఇసుకలో 4, 5 సెంటీమీటర్లు దిగి ఉండాలి. మంచి గ్రాబ్‌లో పైన గోధుమరంగు పొర కనపడుతుంది, కొన్నిచోట్ల చిన్న గోరంత మందమే. దాని మీద పురుగుల గొట్టాలు పుల్లల్లా నిలబడి ఉంటాయి. ఆ కింద ఒక్కసారిగా నల్లటి మట్టి, మురిగిన గుడ్డు వాసన. గోధుమరంగు నుంచి నలుపుకు మారే లోతును స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి. ఆక్సిజన్ ఎంతవరకు దిగుతోందో చెప్పే కొలత అది, పైసా ఖర్చు లేదు. బూడిద ఉన్నచోట నలుపు మధ్యలో సిమెంటు రంగు చారలు కనపడతాయి. వేళ్ళ మధ్య రుద్దితే బంకమట్టిలా జారదు, సన్నటి గాజుపొడిలా గరగరమంటుంది. నూనె తగిలిన చోట నీళ్ళ మీద ఇంద్రధనస్సు రంగుల పొర. ఇవన్నీ ఫొటో తీసి పెట్టుకోవాలి, పక్కన స్టేషను పేరు రాసిన పలక పెట్టి.

ఆలిచిప్పలు ఉన్నచోట మూడింట ఒకసారి చిప్పల మధ్య పెంకు ఇరుక్కుని గ్రాబ్ సందు పెట్టుకుని వస్తుంది. నీళ్ళన్నీ కారిపోయి, మట్టి మీద పిల్లకాలువలు కోసినట్టు గీతలు పడతాయి. అది పారేయాల్సిందే. దాన్ని వాడేద్దామని అనిపిస్తుంది, ఎండ మండుతుంటుంది, నాలుగోసారి దించడానికి ఎవరికీ ఓపిక ఉండదు. అయినా పారేయాలి. ఎక్కడ ఎన్నిసార్లు పారేశామో కూడా రాయాలి. పారేసిన మట్టిని తర్వాత దించబోయే చోట కాకుండా నీటి వాలుకు దూరంగా వేయాలి.

తీసే పద్ధతి: నిలిచిన నీళ్ళను సన్న గొట్టంతో ఒక అంచు నుంచి మెల్లగా లాగేయాలి, గ్రాబ్‌ను వంచి పారబోయకూడదు. చిప్పల గోడకు 2 సెంటీమీటర్ల దూరం వదిలి నడుమ మట్టినే పై 2 సెంటీమీటర్లు తీయాలి. 316 స్టీలులో క్రోమియం, నికెల్ బాగా ఉంటాయి, అందుకే గోడ మట్టి వద్దనడం. లోహాలకు ప్లాస్టిక్ గరిటె, ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ డబ్బా. నూనె, పీఏహెచ్, పీసీబీలకు (పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లోని క్లోరిన్ రసాయనాలు) స్టీలు గరిటె, మూతలో టెఫ్లాన్ బిళ్ళ ఉన్న ముదురురంగు గాజు సీసా. గడ్డకట్టిస్తే వ్యాకోచించి సీసా పగులుతుంది కాబట్టి పైన కాస్త ఖాళీ ఉంచాలి. సల్ఫైడు పరీక్షకు మాత్రం దీనికి విరుద్ధం. గాలి లేకుండా అంచుదాకా నింపాలి. నల్ల మట్టికి గాలి తగిలితే నిమిషాల్లో రంగు మారడం కంటికే కనపడుతుంది, ఆ సల్ఫైడు పోయినట్టే. కణాల సైజు చూసే మట్టిని గడ్డకట్టించకూడదు, ఐసులో చల్లగా ఉంచితే చాలు. పురుగులు లెక్కపెట్టడానికి వేరే గ్రాబ్ దించి మొత్తం మట్టిని 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో కడగాలి. రసాయనాలకు తోడిన గ్రాబ్‌లో మిగిలింది లెక్కకు రాదు.

జల్లెడల గురించి ఒక మాట: ఇచ్చినవి ఇత్తడివి. పురుగులకు వాడుకోండి. రాగి, జింకు కొలిచే మట్టిని వాటిలో వేయొద్దు, 63 మైక్రాన్ల నైలాను వల కొనుక్కోండి. ఐసు పెట్టె బాగుంది. కాశిమేడు చేపల రేవు ఐసు చవకే, కరిగిన నీళ్ళు డబ్బాల్లోకి పోకుండా రెండు కవర్లు వేయాలి, అంతే. జీపీఎస్ సరిగ్గానే పనిచేస్తుంది. పడవ లంగరు వేసిన చోటు కాదు, గ్రాబ్ అడుగు తగిలిన క్షణంలో చూపిన అంకెలు రాసుకోండి.

కోరర్ విషయంలో కాస్త జంకుతూ సిఫారసు చేస్తున్నాం. గ్రాబ్ ఇవాళ్టి మట్టిని చూపిస్తుంది, నిన్నటిది చూడాలంటే కోరర్ కావాలి. దుకాణంవారిది 75 మిల్లీమీటర్ల గొట్టం, పైన బరువు, తలమీద వాల్వు, కింద స్టీలు రేకుల మూత. వాల్వు చక్కగా పనిచేస్తుంది. దిగేటప్పుడు నీళ్ళు వదులుతుంది, ఎక్కేటప్పుడు గాలి చొరబడనివ్వదు. కింది రేకులు బిగువుగా ఉన్నాయి. గట్టి మట్టిని బాగా పట్టుకుంటాయి కానీ మెత్తటి బురద పైపొరను దువ్వెన దువ్వినట్టు చీలుస్తాయి. బురదలో రేకులు తీసేసి వాల్వు మీదే ఆధారపడండి. గొట్టం నీళ్ళు దాటేముందు కింద రబ్బరు బిరడా నొక్కేయాలి, నీళ్ళలోకి వంగి చెయ్యి పెట్టేవాళ్ళొకరు కావాలి.

అసలు ఇబ్బంది లోపలి గొట్టం. బూడిదరంగు ప్లంబింగు పీవీసీ గొట్టం ముక్కలు ఇస్తున్నారు. పీవీసీ గొట్టాల్లో ప్లాస్టిక్ చెడకుండా కలిపే సీసం స్టెబిలైజరు తీసేయాలని మన దేశంలో నిబంధనలు 2021లో వచ్చాయి. ఎప్పుడో కొన్న గొట్టం ఏ కాలంనాటిదో ఎవరూ చెప్పలేరు. పైగా లోపల ఏముందో కనపడదు. పారదర్శకమైన పాలీకార్బొనేటు గొట్టం కోయించుకోండి. పైపొర చెదిరిందా, మధ్యలో గాలి బుడగ ఉందా, బూడిద చార ఎక్కడ మొదలైంది, అన్నీ పడవ మీదే తెలుస్తాయి. దాన్ని ఎసిటోన్‌తో కడగొద్దు, పగుళ్ళు వస్తాయి. సబ్బు నీళ్ళు, ఆపైన పలుచటి నైట్రిక్ ఆమ్లం చాలు.

లోతు తక్కువున్న ఏట్లో, నడుము లోతు, తల లోతు నీళ్ళలో, గ్రావిటీ కోరర్ పడటానికి ఎత్తే చాలదు. బరువు తీసేసి గొట్టాన్ని వెదురుకో, జీఐ పైపుకో బిగించి చేత్తో నిదానంగా గుచ్చడమే మెరుగు. పైపొర ఇందులోనే బాగా వస్తుంది. పోర్టు బయటి లోతు నీళ్ళకు గ్రావిటీ కోరర్ సరైనది. పోర్టు హద్దుల్లో పని ఉంటే అనుమతి కాగితం ముందే చేతిలో ఉండాలి.

ప్రతి కోర్‌కీ రెండు అంకెలు తప్పనిసరి. గొట్టం బయట బురద ఎంత ఎత్తుదాకా అంటుకుందో ఒకటి, లోపల ఎంత మట్టి వచ్చిందో రెండోది. బయట 90 సెంటీమీటర్లు అంటుకుని లోపల 63 వస్తే మనకు దక్కింది 70 శాతమే. గోడ రాపిడికి మట్టి నొక్కుకుపోయింది, లేదా గొట్టం బిరడాలా మారి కొన్ని పొరలను పక్కకు తోసేసింది. ఆ 63 సెంటీమీటర్లను సాగదీసి 90గా లెక్కలు కట్టేవాళ్ళున్నారు. మెత్తటి పొర ఎక్కువ నొక్కుకుంటుంది, ఇసుక పొర అసలు నొక్కుకోదు, కాబట్టి అలా సమానంగా సాగదీయడం తప్పు. కోర్‌ను నిలువుగానే ఒడ్డుకు తేవాలి. పడుకోబెడితే పై 5 సెంటీమీటర్లు కలిసిపోతాయి. కింద నుంచి పిస్టనుతో తోస్తూ పై 10 సెంటీమీటర్లు ఒక్కో సెంటీమీటరు చొప్పున, ఆ తర్వాత రెండేసి కోయాలి. ప్రతి ముక్క చుట్టూ అర సెంటీమీటరు అంచు తీసి పారేయాలి. గొట్టం గోడ పైమట్టిని కిందికి ఈడ్చుకెళ్తుంది, పైనున్న కాలుష్యం కింద కనపడేది అందుకే. దుకాణంవారి దగ్గర పిస్టను లేదు. కొయ్యగుండుకు రబ్బరు వాషరు బిగించి చేయించుకోవచ్చు.

పొరల వయసు గురించి. రేడియోధార్మిక సీసం-210 అర్ధాయుష్షు (సగం తరిగే కాలం) సుమారు 22 ఏళ్ళు, వందేళ్ళలోపు బురదకు అదే గడియారం. ఎన్నూరులో ఆ గడియారాన్ని గుడ్డిగా నమ్మకూడదు. బొగ్గు బూడిద కణాల మీద సీసం-210 అదనంగా చేరి ఉంటుంది, పైగా మేట ఒక్కసారిగా పడుతుంది. డ్రెడ్జింగు (అడుగు మట్టి తవ్వకం) జరిగినచోట పొరలే తారుమారు. దాని పక్కన మైక్రోస్కోపు పెట్టుకోండి. బూడిద కణాలు గుండ్రటి గాజు గోళీల్లా కనపడతాయి, ఏటి బంకమట్టిలో అలాంటివి ఉండవు. మందమైన బూడిద మేట మొదలైన లోతు 1970కి ముందుది అయ్యే అవకాశం తక్కువ. ఆ ఒక్క గుర్తు కొన్నిసార్లు ఖరీదైన వయసు పరీక్షకన్నా గట్టిగా నిలుస్తుంది.

ఇక ల్యాబు ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నామో. ఇచ్చిన మాదిరి రిపోర్టులో సీసం "కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు" అని ఉంది. తడి మట్టి కిలోనా, పొడి మట్టి కిలోనా అన్నది లేదు. ఇది చిన్న విషయం కాదు. ఎన్నూరు బురదలో బరువులో 60 శాతం నీళ్ళే అనుకోండి. తడి బరువు మీద 20 మిల్లీగ్రాములంటే పొడి బరువు మీద 50. సముద్రపు మట్టికి చాలాచోట్ల వాడే ఈఆర్ఎల్ హద్దు (దీనికి లోపు జీవులకు హాని అరుదు) సీసానికి పొడి బరువు మీద 46.7, ఆ పైన హాని తరచుగా కనపడే ఈఆర్ఎమ్ హద్దు 218. తడి అంకె చూస్తే ఏరు క్షేమం, పొడి అంకె చూస్తే హద్దు దాటింది. ఒకే మట్టి, ఒకే యంత్రం.

కాడ్మియం పక్కన "కనపడలేదు" అని రాశారు. ఎంతకన్నా తక్కువైతే కనపడదో రాయలేదు. అడిగితే 2 అన్నారు. కాడ్మియం ఈఆర్ఎల్ 1.2. హద్దుకన్నా మోటు కొలతతో "కనపడలేదు" అంటే అది సమాధానమే కాదు. పాదరసం హద్దు 0.15, ఎండబెట్టే పొయ్యి 105 డిగ్రీలకు పెట్టారంటే అందులో కొంత ఆవిరైపోతుంది. మట్టిని 40 డిగ్రీల్లోనో, గడ్డకట్టించి ఆరబెట్టే యంత్రంలోనో ఆరబెట్టాలి. తేమ శాతం చూడటానికి వేరే ముక్కను 105లో పెట్టుకోవాలి.

ఆర్సెనిక్ మరో చిక్కు. సముద్రపు మట్టిలో ఉప్పు ఉంటుంది. పరమాణువుల బరువును బట్టి లోహాలను లెక్కించే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో ఆర్గాను, ఉప్పులోని క్లోరిన్ జతకట్టి సరిగ్గా ఆర్సెనిక్ బరువే, 75, చూపిస్తాయి. ఆ దొంగ జంటను వడకట్టే కొలిజన్ సెల్ వాడారా అని అడగండి. అడగ్గానే అర్థం చేసుకున్న ల్యాబునే నమ్మండి.

మట్టిని ఏ ఆమ్లంలో కరిగించారన్నది కూడా రిపోర్టులో లేదు. ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) బంకమట్టి మీద అంటుకున్న లోహాన్ని దింపుతుంది, బూడిద గాజు లోపలిదాన్ని పూర్తిగా దింపలేదు. దానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. ఏది వాడినా తప్పుకాదు, చెప్పకపోవడం తప్పు. సన్నటి కణాల తేడాను సరిచేయడానికి అందరూ అల్యూమినియంతో భాగిస్తారు. బూడిదలో అల్యూమినియం దండిగా ఉంటుంది కాబట్టి ఎన్నూరులో ఆ భాగహారం కాలుష్యాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. 63 మైక్రాన్లలోపు మట్టి శాతం, ఆర్గానిక్ కార్బన్, లిథియం మూడూ పక్కన పెట్టుకుని చూడండి. తడి జల్లెడ పట్టేటప్పుడు నీళ్ళ మీద తేలే తెల్లటి నురగలాంటి పొడిని వంచి పారబోయకండి, బోలు బూడిద గోళీలు అవే.

నూనెకు "మొత్తం నూనె, గ్రీజు" అంకె ఒక్కటే ఇస్తున్నారు. ఒలికిన నూనె ఎక్కడిదో తేల్చాలంటే ఆ అంకె దేనికీ పనికిరాదు. పడవ డీజిలు, ఓడ ఇంధనం, చచ్చిన మడ ఆకుల మైనం అన్నీ అందులో కలిసిపోతాయి. రసాయనాలను విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్‌లో 16 పీఏహెచ్‌లు, వాటితోపాటు ముడి నూనెలో ఉండే హోపేన్లు చూడాలి. నూనె కుళ్ళిపోయినా హోపేన్ల గుర్తు చాలాకాలం నిలుస్తుంది. మట్టి తీసుకెళ్ళే ల్యాబు ఏదైనా, మీ నమూనాల మధ్య మెస్-4, ప్యాక్స్-3 లాంటి, లెక్క ముందే తెలిసిన ధ్రువీకరించిన సముద్రపు మట్టిని కూడా నడిపి ఆ ఫలితం కాగితం మీద ఇవ్వాలి. ఇవ్వనన్నవాళ్ళ దగ్గరకు వెళ్ళొద్దు. ప్రతి పది నమూనాలకు ఒక జంట నమూనా పేరు మార్చి పంపండి. రెండు అంకెలూ ఎంత దగ్గరగా వస్తాయో చూస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

సామాను తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పక వేయండి: "ఇంతకుముందు ఇది ఎక్కడికి వెళ్ళింది?" దుకాణంలో పుస్తకం ఉంది, అడిగితే చూపిస్తారు. ఇది వాళ్ళలో మాకు బాగా నచ్చిన విషయం. ఏ హార్బరు బురదలోంచో వచ్చిన గ్రాబ్ అయితే ఆ హార్బరు కొంత మీతో వస్తుంది. ఫాస్ఫేటు లేని సబ్బుతో బ్రష్షు పెట్టి రుద్ది, మంచినీళ్ళతో కడిగి, చివర లవణాలు తీసేసిన (డీఅయనైజ్డ్) నీళ్ళు లోపలంతా పోసి, ఆ కారిన నీళ్ళను శుభ్రమైన సీసాలో పట్టండి; గ్రాబ్ నుంచే ఏమైనా వస్తోందా అన్నది ల్యాబులో ఆ సీసా చెబుతుంది. స్టేషన్ల మధ్య ఏటి నీళ్ళతో బ్రష్షు చేస్తే చాలు, రోజుకో సీసా మాత్రం ఇలా పట్టాలి. ఆ సీసా మీద తేదీ వేసి, స్టేషను పేరు బదులు "ఉట్టి గ్రాబ్, మొదటి మట్టికి ముందు" అని రాసి, ఐసు పెట్టెలో అన్నిటికన్నా ముందు పెట్టండి.